చెరిపేయనా?

మా వీధి కంప్యూటర్ మెకానిక్‌ని అందరూ "చెరిపేయనా" అనే పిలుస్తారు. పాతదంతా తుడిచి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ముందు మీట మీద వేలు ఆనించి, కళ్లు చిట్లించి, "ఫొటోలన్నీ దాచుకున్నారా? చెరిపేయనా?" అని ముమ్మారు అడగనిదే నొక్కడు. అంతటి జాగ్రత్తపరుడు మొన్న సొంత కంప్యూటర్‌ని మాత్రం ఎవరినీ అడక్కుండా తుడిచేశాడు. పెళ్లి ఫొటోలన్నీ హరీమన్నాయి! ఇంక కాపురం కూడా చెరిగిపోయినట్టే అనుకుంటూ, నీళ్లు నములుతూ పెళ్లాం ముందు నిలబడ్డాడు. పక్కింటి నేను మా కిటికీలోంచి మెడ సాచాను.

ఆవిడ పకపకా నవ్వి, "పీడా పోయింది! అన్నింట్లోనూ ఏడుపుమొహమే పెట్టారు. పదండి, మళ్లీ దిగుదాం" అంది.

సాయంత్రానికి వీధి వీధంతా ముస్తాబై, వాళ్లతో ఫొటో దిగడానికి వాళ్ల గుమ్మం ముందు నిలబడింది. నేనైతే ముందు వరుసలోనే. అతను చెవులదాకా నవ్వుతున్న ఆ ఫొటోని ఇంటింటికీ తనే పంచాడు. ఇక దాన్ని చెరిపేయాలంటే వీధి మొత్తాన్నీ ముమ్మారు అడగాల్సిందే.