బతికున్న మనిషి మీద ఒప్పారి

హోసూరు నుంచి బాగలూరు పోయే దారిలో ఎవరి ఇంట చావు జరిగినా కాళమ్మకు కబురొచ్చేది. చావింట్లో ఆడవాళ్ల నడుమ కూర్చుని, పోయినవాళ్ల మీద అప్పటికప్పుడు పాట కట్టి ఏడవడాన్ని అక్కడ ఒప్పారి అంటారు. ఒకరికి పాడిన పాట ఇంకొకరికి పాడేది కాదు కాళమ్మ. అంచెట్టి నుంచి కూడా జీపులో వచ్చి పిలుచుకుపోయిన రోజులున్నాయి. మిగతా రోజుల్లో గులాబీ తోటలో పూలు కోసేది.

కూతురు నేత్ర ఫ్యాక్టరీలో చేరి కొత్త ఫోను కొనుక్కున్నాక, పాతది తల్లికిచ్చింది. కాళమ్మ ముందు దాన్ని అనుమానంగా చూసింది. తర్వాత అన్నం తింటూ చూసింది. ఆ తర్వాత అన్నం తిన్నదీ లేనిదీ మరిచిపోయి చూసింది. వంటలు, కొట్లాటలు, ఎవరిదో పెళ్లి, ఎవరిదో కుక్క. అందులో ఒప్పారి పాడేవాళ్లు కూడా ఉన్నారు.

"బాగనే ఏడస్తా ఉండాది పాప," అని ఒకామెను మెచ్చుకుంది.

ఆ మెప్పే ముంచింది. ఊళ్లో పిల్లప్ప పోయినప్పుడు, శవం తల దగ్గర కూర్చుని నోరు తెరిస్తే సొంత మాట ఒక్కటీ రాలేదు. ఫోనులో విన్నది వచ్చింది.

"కోరమీసం దువ్వే దొరా, గుర్రమెక్కి తిరిగే దొరా..."

పిల్లప్పకు పుట్టినప్పటి నుంచీ పోయేదాకా మీసమన్నది మొలవలేదు. గుర్రం సంగతి అటుంచి, సైకిలెక్కాలన్నా భయపడేవాడు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కామె భుజాలు కదిలాయి. అది ఏడుపేనని సరిపెట్టుకునేలోపే నవ్వు బయటపడింది.

పిల్లప్ప భార్య వెంకటసుబ్బమ్మ ఏడుపాపి తలెత్తింది. "ఎవురి కోసరం ఏడస్తా ఉండావు కాళమ్మా? ఈడ పోయింది మా ఇంటాయన."

పిల్లప్ప తమ్ముడు అచ్చెన్న దాన్ని అంతటితో వదల్లేదు. టీకొట్టు దగ్గర అందరి ముందూ అన్నాడు: "ఫోన్లో పాటే పాడేదానికి నువ్వెందుకమ్మా? ఇంక మా వీధిలో చావయితే స్పీకరే పెడతాము. దానికి గొంతు గూడా పట్టుకోదు."

ఊళ్లో తర్వాత జరిగిన చావుకు నిజంగానే స్పీకరు పెట్టారు. కాళమ్మకు కబురు రాలేదు.

ఇంట్లో కూర్చుని ఊరికే పాట కట్టి చూసింది. రెండు మాటలు కుదిరేసరికి చెయ్యి దిండు కిందికి పోయింది. ఫోను ఉండేది అక్కడే.

"నేత్రా, దీన్ని యాడన్నా దాచిపెట్టు."

"యాడ దాచినా ఎతికి తీస్తావు. నేనే ఎత్తుకోని పోతా. ఫ్యాక్టరీ గేటుకాడ మా ఫోన్లన్నీ పెట్టెలో పెట్టిచ్చుకుంటారు. సాయంత్రం వచ్చినాక కొంచెం సేపు చూడు."

అలా కాళమ్మ ఫోను కూడా రోజూ డ్యూటీకి పోవడం మొదలుపెట్టింది.

మొదట్లో కాళమ్మ చెయ్యి ఊరికే నడుము దగ్గర తడుముకునేది. చూడడానికి వేరే ఏమీ లేక మనుషుల్ని చూడసాగింది. చూసిన మనిషి మీద మనసులో ఒక చరణం కట్టేది. ఆమెకు చేతనైన పాట ఒక్కటే రకం; మనిషిని చంపనిదే మొదలు కాదు.

తోటలో సూపర్‌వైజర్ యతీశ్ ముందుగా పసిగట్టాడు. "కాళక్కా, నన్నట్లా చూడొద్దు. నాకింకా పెళ్లి గూడా కాలేదు."

"ఆ మాట గూడా పాటలో పెట్టినాను లేప్పా," అంది కాళమ్మ.

తర్వాత, పని లేని రోజుల్లో, అచ్చెన్న అరుగు మీద చేరేది. ఆయన అనపకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని చూసేది. ఒక ఆదివారం అచ్చెన్నకు ఓపిక అయిపోయింది.

"ఏమ్మా, నాకు కొలత తీస్తా ఉండావా?"

"తీసేసినాను అన్నా. పాటయిపోయింది."

"స్పీకరు పెట్టుకుంటామని చెప్పినాను గదా."

"స్పీకరుకు నువ్వు తెలుసునా?"

అచ్చెన్న చేతిలో కాయ పక్కన పెట్టాడు. "అయితే పాడు. బతికుండంగానే వినేస్తాను. మా అన్నకు పాడినట్ల పాడినావంటే మాత్రం మళ్లా ఈ అరుగెక్కొద్దు."

కాళమ్మ జుట్టు ముడి విప్పుకుంది. అలా తప్ప ఆమెకు గొంతు రాదు.

"అనపకాయ ఒలిచే అచ్చెన్నా, గింజ నీ నోటికీ పొట్టు ఇంటికీ...
బస్సు రాలేదని అరిచే అచ్చెన్నా, వస్తే సీటు లేదని అలిగే అచ్చెన్నా...
తోడబుట్టిన పిల్లప్ప చెప్పులు వాకిట్లోనే పెట్టుకున్నావే,
వానొస్తే నీవి తడవనిచ్చి ఆయనవి లోపల పెట్టినావే..."

అచ్చెన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ గొంతుకు వీధి కదిలింది. పొయ్యి మీద కూర వదిలేసి ఒకరు, తడి చేతులతో ఒకరు పరిగెత్తుకొచ్చారు. వెంకటసుబ్బమ్మ లోపలి నుంచి గుండె బాదుకుంటూ వచ్చి, మరిదిని చూసి ఆగిపోయింది.

"ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదు వదినా. కూసో." అచ్చెన్న ముక్కు తుడుచుకుని కాళమ్మ వైపు తిరిగాడు. "వీళ్లెవురూ వినలేదు. మొదట్నించి పాడు. ఆ పొట్టు మాట మాత్రం తీసెయ్యి."

కాళమ్మ మొదటి నుంచి పాడింది. పొట్టు మాట తియ్యలేదు.