మూడుసార్లు తడితే

ఓడలు కట్టే చోట్ల తిరిగాను, బస్సు బాడీలు కట్టే షెడ్లలో ఎండ తప్పించుకుని కూర్చున్నాను. రేకుకు రేకు అతికే పని ఎక్కడైనా ఇద్దరిదే. ఒకరు ముందునుంచి రివెట్ కొడతారు, ఇంకొకరు వెనక ఇనుప దిమ్మ ఆనిస్తారు. నడుమ రేకు అడ్డం. సంసారమూ అంతేనని ఒక ముసలి ఓడమేస్త్రి అంటే అప్పట్లో నవ్వాను. మందులమ్మ సంగతి విన్నాక నవ్వు రాలేదు.

మందులమ్మ అంటే మందుల షాపు కౌంటర్లో నిలబడే ఆవిడ. ఏ డాక్టరు కోడిగీతలైనా చదివేస్తుంది. మొగుడు బస్సుల షెడ్డులో రివెట్ల మేస్త్రి. పగలు బస్సులు, సాయంత్రం ఇంటి వెనక సొంత విమానం. అల్యూమినియం రేకులతో, ఇద్దరు పట్టేంత. "ఎగరనీ, ఎగరకపోనీ, బట్టలారేసుకునే చోటు మాత్రం పోయింది" అనేది ఆవిడ. అప్పటికది ఒట్టి విసుగే.

మందులమ్మకి కుళ్లు మొదలైంది విమానం తోక దగ్గర. తోక పోనుపోను సన్నబడుతుంది, మేస్త్రి చెయ్యి దూరదు. ముందు గదిలో అద్దెకుండే టైలరమ్మ చెయ్యి దూరింది. ఆమె లోపల దిమ్మ పట్టేది. మేస్త్రి బయట రివెట్లు కొట్టే గన్ ఆడించేవాడు. రివెట్ కొస లోపల బిళ్లలా అణగాలి. అది అతనికి కనబడదు కనక ఆమె రేకు మీద తట్టి చెప్పాలి. ఒకసారి తడితే బాగుంది. రెండుసార్లంటే ఇంకాస్త కొట్టు. మూడుసార్లు తడితే చెడింది, తొలిచెయ్.

వంటింట్లోకి అన్నీ వినబడేవి. టర్ర్ర్. టక్. టర్ర్ర్. టక్. మాటా మంతీ లేదు. టైలరమ్మ అతన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది, మందులమ్మ బాధ అది కాదు. గొంతు చించుకున్నా అన్నానికి రాని మనిషి, అక్కడ ఒక్క టక్కుకి కదులుతున్నాడు!

"నేనరిస్తే చెవుడు, ఆవిడ గోకితే వినబడుతుందా?"

"గోకడం కాదే. అదొక భాష."

ఒళ్లు మండిపోయింది మందులమ్మకి. నా దగ్గర లేని భాషా?

స్కూలు యూనిఫాంల హడావుడిలో టైలరమ్మ రాని ఆదివారం, మందులమ్మ కొంగు బిగించి వచ్చింది. "జరగండి. నా చెయ్యేం రోకలిబండా?"

ముందు, నిన్న టైలరమ్మతో కలిసి కొట్టిన వరుస తడిమి చూడమన్నాడు మేస్త్రి. చూసింది. వేలి కింద అన్నీ నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. వంక పెట్టడానికి లేదు. అదే మండించింది. టక్ టక్ టక్.

"చెడిందా?"

"చెడింది."

పక్కదీ అంతే. ఆ పక్కదీ అంతే. మేస్త్రి మొహం పాలిపోయింది. మారు మాట్లాడకుండా డ్రిల్ పట్టి వరుసంతా తొలిచాడు. బెజ్జాలు పెద్దవయ్యాయి, ఇక అక్కడ లావు రివెట్లే పట్టాలి.

ఆ సంగతి విన్న టైలరమ్మ తన వేళ్లకేసి చూసుకుంది. "నా చేతివాటం పోయినట్టుంది వదినా. రేపు ఇందులో కూర్చునేది మనుషులు. నేనింక ముట్టను."

గెలిచాననుకుంది మందులమ్మ.

మర్నాడు మేస్త్రి తోకనెత్తి కుదిపాడు. తెగిన రివెట్ కొసలు జలజలా రాలాయి. వాటిని రుమాల్లో కట్టుకుని నేరుగా మందుల షాపుకి వచ్చి కౌంటర్ మీద పోశాడు.

"మాత్రలు చూసే కళ్లు నీవి. ఇందులో పాడైనదేదో ఏరు."

ఆవిడ వేలు ఒక్కొక్కదాన్నీ తాకి ఆగిపోయింది.

"ఏం మాత్రలండీ ఇవి?" వెనకనున్న దగ్గు ముసలాయన మెడ చాచాడు.

"కుళ్లుకి," అందావిడ. తర్వాత మొగుడితో, మెల్లగా, "అన్నీ బాగున్నవే."

"మరెందుకు తట్టావ్?"

"నా మాట అలా ఎప్పుడైనా విన్నారా మీరు?"

మేస్త్రి కొసల్ని మళ్లీ రుమాల్లోకి ఊడ్చుకున్నాడు. "నిన్న విన్నానుగా."

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లోకి పోకుండా టైలరమ్మ గుమ్మంలో నిలబడింది. "నీ చేతికేం కాలేదు. నేనే అబద్ధం తట్టాను."

కుట్టుమిషన్ ఆగింది. "నా మీదా కుళ్లు?"

"నీ మీద కాదు. నువ్వు తట్టే ఆ టక్ మీద."

టైలరమ్మ దారం కొరికి, బట్ట మడతపెట్టింది. "దిమ్మ పడతాను. కానీ గన్ పట్టాల్సింది నువ్వు వదినా. నేను తట్టిందల్లా నమ్మి కొట్టాలి."

ఆ లావు రివెట్ తలల వరుస నేను చూశాను. తోక కింద ఇప్పటికీ విడిగా కనబడుతుంది. మొదట్లో మందులమ్మ చేతిలో గన్ జారేది, రెండేసి తట్లు పడేవి. రాన్రానూ టర్ర్ర్, టక్. మధ్యమధ్య విరగబడి నవ్వులు. చీపురుతో రేకు పొట్టు ఊడుస్తున్న మేస్త్రి ఒకరోజు ఉండబట్టలేకపోయాడు.

"ఏంటా నవ్వులు? నాకూ చెప్పొచ్చుగా!"

తోక లోంచి తాపీగా వినబడింది. టక్. టక్. టక్.