తాళం లేని ఇంటికి తాళం గుర్తు

ఇరవై తొమ్మిదేళ్ళు మున్సిపాలిటీ ఆరోగ్య విభాగం తరఫున ఇంటింటికీ తిరిగిన మనిషి ఆమె. భుజాన మందుల డబ్బా, చేతిలో సుద్దముక్క. ఇంట్లోవాళ్ళను చూస్తే గుమ్మం పక్కన టిక్కు, ఇల్లు మూసి ఉంటే సున్నా చుట్టి అడ్డగీత. అందుకే వీధిలో అందరికీ సుద్దక్క. రిటైరయ్యి పదమూడేళ్ళయింది. మోకాళ్ళు అరిగాయి గానీ నోరు అరగలేదు.

ఆ మంగళవారం పొద్దున బావ ఇంటికి వెళ్ళింది. అక్క పోయాక ఆయన ఒక్కడే ఉంటున్నాడు, మూడిళ్ళ అవతల. బతుకంతా ఫ్యాక్టరీలో లేతు మెషిను ముందు నిలబడ్డ మనిషి. ఇప్పుడు షుగరు పుండు మడమను తింటోంది. వారానికి రెండుసార్లు మున్సిపాలిటీ నర్సు ఇంటికొచ్చి కట్టు మార్చాలి. కదలలేని వృద్ధులకు అది హక్కని ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది. గోడ మీద రాయడానికి ఎవరికేం నొప్పి?

"ఏంటి బావా, కట్టు కంపు కొడుతోంది?"

"రెండు వారాలుగా నర్సు రాలేదే. నా మొహం చూసి విసుగెత్తిందేమో."

"నలభై ఏళ్ళు చూసిన మా అక్కకే విసుగెత్తలేదు, రెండ్రోజులు చూసిన నర్సుకు ఎత్తుతుందా?"

నవ్వుతూనే బయటికొచ్చి, గుమ్మం పక్కన చూసి ఆగిపోయింది. సున్నా, అడ్డగీత. ఒకటి కాదు, మూడు.

తలుపు కొట్టిన చప్పుడు బావ మూడుసార్లూ విన్నాడు. మంచం దిగి, కర్ర వెతుక్కుని, గోడ పట్టుకుని గడియ తీసేసరికి బయట ఎవరూ లేరు. ఇంటి వైద్యం జాబితా సరిచూసే సర్వేవాళ్ళు రెండు దెబ్బలు కొట్టి, అరనిమిషం చూసి, తాళం గుర్తు గీసి పోయారు. మూడు గుర్తులు పడితే ఆ ఇంట్లో మనిషి లేనట్టే, పేరు కొట్టేస్తారు. నడవలేడని ఇంటికి వచ్చే వైద్యం, తొందరగా నడిచి రాలేదని ఆగిపోయింది.

"పక్కిళ్ళలో అడక్కుండా తాళం గుర్తు వేస్తే మా సూపర్వైజరమ్మ రిజిస్టరుతో మొహాన కొట్టేది," అని పళ్ళు నూరింది సుద్దక్క.

"పోనీలేవే. ఆఫీసుల చుట్టూ ఏం తిరుగుతావు?"

"కాలు తీసేశాక నీ బరువు మోసేది నేను. నీకేం, పడుకుంటావు."

మర్నాడు పదింటికి ఆరోగ్యాధికారి గది తలుపు రెండుసార్లు తట్టింది. లోపల ఎవరితోనో ఫోనులో నవ్వులు. ముప్పై లెక్కపెట్టి, నున్నటి తలుపు మీద సుద్దముక్కతో సున్నా చుట్టి అడ్డగీత గీసింది. పన్నెండింటికి మళ్ళీ తట్టింది, మళ్ళీ గీసింది. రెండింటికి మూడోది. బెంచీల మీద పొద్దుటినుంచీ కూర్చున్న ముసలివాళ్ళు మొదట బిత్తరపోయారు గానీ, అప్పటికి పడీపడీ నవ్వుతున్నారు.

ఆ గోలకు ఆఫీసరు బయటికొచ్చాడు. "ఎవరు గీశారిది?"

"నేనేనండీ. మూడుసార్లు వచ్చాను, మూడుసార్లూ తాళం. మీ రూలు ప్రకారం మీరిక్కడ లేరు. పేరు కొట్టేయించుకోండి."

"లోపలే ఉన్నాను కదమ్మా! ఫోను పెట్టేసి లేచి వచ్చేలోపు..."

"మా బావా లోపలే ఉన్నాడు. ఆయన లేచి వచ్చేలోపే మీవాళ్ళు పోయారు."

పక్కనున్న గుమాస్తా కళ్ళెర్రజేశాడు. "ఆఫీసు తలుపు పాడుచేశావు. కేసు పెడతాం."

"పెట్టు నాయనా. జైల్లోనైనా డాక్టరు వచ్చి చూస్తాడట."

బెంచీలు గొల్లుమన్నాయి. ఆఫీసరు మొహం గంటుపెట్టుకుని, ఇంటికెళ్ళి మనిషిని కళ్ళారా చూసి పేరు మళ్ళీ ఎక్కించమని గుమాస్తాకు చెప్పాడు. నర్సునూ తోడు పంపాడు.

"మా వీధిలో ఇంకా ఎంతమందిని కొట్టేశారు?"

"వాళ్ళ సంగతి పైనుంచి ఆర్డరొస్తే చూద్దాం. నీ పని అయింది కదా, వెళ్ళు."

బావ గడియ తీయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గుమాస్తా రెండుసార్లు వెనక్కి తిరగబోయాడు, సుద్దక్క మెట్టుకు అడ్డంగా నిలబడింది. తలుపు తెరిచిన బావ ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. "ఇంతమందొచ్చారేంటే? పోయాననుకున్నావా?"

నర్సు కట్టు విప్పి చాలాసేపు శుభ్రం చేసింది. లేచి, "ఇంకో వారమైతే నా చేతిలో ఉండేది కాదు. ఇక శుక్రవారం వస్తాను," అంది.

గుమాస్తా కాగితం మీద సంతకం గీకి సంచీ మూశాడు. వీధిలోకి రాగానే సుద్దక్క ఆ సంచీ పట్టీ పట్టుకుంది.

"అటు కాదు, ఇటు. ఆ నీలం తలుపు మీద మూడు గీతలున్నాయి. ఆవిడకు చూపు ఆనదు, తడుముకుంటూ వస్తుంది. దాని తర్వాత మేడ కింద గది."

"ఆర్డరు లేదు పెద్దమ్మా!"

"కళ్ళారా చూడ్డానికి ఆర్డరెందుకురా? కళ్ళున్నాయిగా."

నర్సు అప్పటికే నీలం తలుపు ముందు నిలబడింది. సుద్దక్క వెళ్ళి తట్టింది. లోపల చప్పుడు లేదు. ఎండ నెత్తి మాడుస్తోంది.

"ఎంతసేపు నిలబడాలి?" అన్నాడు గుమాస్తా.

"తెరిచేదాకా," అంటూ ఆమె కొంగు నెత్తిన కప్పుకుని గుమ్మానికి ఆనుకుంది.