అడిగి చెప్పే ఆయమ్మ

షాదీపూర్‌లో మా పాపను తనింట్లో పెట్టుకుని చూసిన ఆయమ్మ ఏమడిగినా ఒకటే అనేది: "తెల్దు దీదీ, అడిగి సెప్తాను."

పాప రెండు రోజులు పాలు ముట్టకపోతే, సెలవు దొరకని నాకు ఒళ్లు మండింది. "ఏమీ తెలియనిదానివి పిల్లల్నెందుకు చేర్చుకున్నావు?" అన్నాను. ఆవిడ పాపను చంకనేసుకుని, తనలా పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. నాలుగో ఇంట్లో పాప గంజి తాగింది.

తర్వాత వాళ్లంతా సంఘం పెట్టుకున్నారు. పిల్లలకు ఒక గది ఇప్పించమని సర్కారుకు అర్జీ రాసిచ్చిన నన్ను కాదని ఆవిణ్ణి పెద్దను చేశారు. పిల్లలకు ఎలాంటి గది కావాలని ఆఫీసరు అడిగితే, అక్కడా అదే మాట! నేను తల దించుకున్నాను. ఆయన మాత్రం "ఠీక్ హై, అడిగి రండి" అని, ఆవిడ తిరిగొచ్చేదాకా ఆగాడు.

ఆ మాటలో అందరూ ఏం చూశారో నాకిప్పటికీ అర్థం కాదు. వాళ్లనే అడిగితే పోయేది. ఇంత వాదించే నాకు, అది అడగడానికి మాత్రం నోరు రాలేదు.