నాకొక ఏడాది ఇచ్చిన అత్త

మా మేనత్త పోయిందన్న కబురు బడి విడిచే వేళకు వచ్చింది. నెల్లిమర్లలో పిల్లల చేత ఎక్కాలు చదివిస్తున్నాను. మా అన్నయ్య పంపిన మనిషి గుమ్మం దగ్గర తలపాగా విప్పి, "అత్తమ్మ నేదమ్మా, తెల్లారగట్ల పోనాది" అన్నాడు. ఉగాది ముంగిట్లో ఉంది. నేను మా పుట్టిల్లు నరసన్నపేట చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు తిట్లే గుర్తొస్తున్నాయి. చదివేవారు ఏమీ అనుకోకండి. అటుకులూ మురీలూ, అంటే మరమరాలూ, అమ్మే చిన్న కొట్టు ఆవిడది. కొసరు అడిగినవాడికి కొసరుతో పాటు చివాట్లూ పెట్టేది. ఎండనపడి వచ్చినవాళ్లకు అడక్కుండానే మంచినీళ్లిచ్చి, వాళ్లు తాగుతున్నంతసేపూ ఈ ఎండలో ఎందుకు తిరుగుతున్నారని సాధించేది. చిన్నపిల్లలకు దోసిలి నిండా మురీలు పోసి, "మీ యమ్మకి సెప్పకండర్రా" అని గదిమేది.

యుద్ధకాలంలో నా భర్త రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, ఒక కొట్లో గుమాస్తాగా ఉండేవారు. బాంబులు పడ్డాక అందరితోపాటు కాలినడకన బయలుదేరారు. తోడు నడిచిన మనిషి ఇల్లు చేరాడు. ఆయన జ్వరంతో దారిలోనే పోయారని ఆ మనిషే వచ్చి చెప్పాడు. నాకప్పటికి పద్దెనిమిది నిండలేదు. పుట్టింటికి వచ్చేశాను.

అంతలోనే ఉగాది వచ్చింది. పంచాంగం విని వచ్చిన పెద్దలు అరుగు మీద నా పంచాయితీ పెట్టారు. ఎనిమిదో తరగతి చదివింది కనక విజయనగరంలో పంతులమ్మ ట్రైనింగుకి పంపుదామని అన్నయ్య. ఉద్యోగమేమిటి, అత్తవారింట పడి ఉండాలని చిన్నాన్న. కాశీ తీసుకుపోతానని అమ్మ. కొత్త సంవత్సరం, మంచిరోజు, ఏదో ఒకటి ఇవాళే తేలాలన్నారు. "ఏటి సేస్తావు? నోరిప్పి సెప్పు" అని అన్నయ్య అడిగితే నాకు ఏడుపొక్కటే వచ్చింది. నాకేం కావాలో నాకే తెలీదు.

అత్త అప్పుడే ఉగాది పచ్చడి కలిపిన కుండతో వచ్చింది.

"దాని కన్నీల్లే ఆరనేదు, అప్పుడే దారి సెప్పమంటారేటి? ఈ కుండ సూడండి. కొత్తది. బేగి వంటయిపోవాలని పొయ్యెక్కించీస్తే పగిలిపోతాది. ముందు నీల్లల్లో నానాల. ఒక్క ఏడాది దాన్ని ఒగ్గీండి."

"ఏడాదంతా ఊరికే కూకుంటాదేటి?" అని చిన్నాన్న ఎగిరాడు.

"కూకుంటాది. నా కొట్లో కూకుంటాది. కూడు నాను పెడతాను. నీకేటి?"

ఆ మధ్యాహ్నం కొట్లో అటుకులు చెరుగుతూ చెప్పింది. "నా మొగుడి మొకం నాకు గురుతు నేదు. ఆడు పోయిన్నాడే పెద్దోలు నా బతుకు తేల్చీసారు. నాను ఈదిలో ఆడుకుంటన్నాను. నన్నెవులూ పిలవను కూడా పిలవనేదు." కంటతడి లేదు. చెరగడం ఆపలేదు.

మొదట్లో గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. అత్త ఏ పనీ చెప్పలేదు. "మీ మేనకోడలు ఏటి సేస్తన్నాది?" అని ఎవరైనా ఆరా తీస్తే, "ఊపిరి తీస్తన్నాది. నీకేటి నట్టం?" అనేది. వానాకాలంలో ఒకనాడు మురీలకొచ్చిన ఒక పిల్ల మట్టిలో వేలితో 'అ' రాయబోయి తంటాలు పడుతుంటే చెయ్యి పట్టుకుని దిద్దించాను. మర్నాడు ఇంకో పిల్లని వెంటబెట్టుకొచ్చింది. చలికాలానికి కొట్టు ముందు చిన్న బడి తయారైంది. అత్త చూసీ చూడనట్టే ఉండేది. మెచ్చుకోలేదు కాబట్టే నాకు బెదురు కలగలేదు. ఆ ఏడు వెళ్లేలోపల ఒకనాడు నేనే, "అత్తా, నాను ట్రైనింగుకి ఎల్తాను" అన్నాను.

"ఎల్లు. నచ్చకపోతే వచ్చీ. కొట్టు ఎక్కడికీ పోదు" అంది. ఆ రెండో మాట అనకపోతే నేను గడప దాటగలిగేదాన్ని కాదు.

తిలారు స్టేషనుకు బండి కట్టించుకుని తనే తీసుకొచ్చింది. ఆవిడ రైలు పట్టాలు చూడ్డం అదే మొదలు. విజయనగరం ఏ వైపో అడిగింది. చూపించాను.

"మరి అటెల్తేనో?"

"పలాస, బరంపురం. ఇంకా ఎల్తే కలకత్తా."

"కలకత్తా" అని నెమ్మదిగా తనలో తను అనుకుంది. "రైలెక్కితే ఎవులైనా ఎల్లొచ్చేటి?"

"టిక్కెట్టు కొంటే ఎవరైనా ఎల్లొచ్చత్తా."

"ఊఁ" అంది.

కబురు విన్నప్పటి నుంచి ఆ స్టేషనే నా కళ్లలో మెదులుతోంది. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపాను. అత్త చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పట్టాలు కలకత్తా వైపు ఎంత దూరం పోతున్నాయో, అటే చూస్తూ నిలబడింది.