కొబ్బరినూనె వాసన వేసిన రైఫిల్

మలేషియాలో సుంగై సిపుట్ దాటి ఉత్తరానికి వెళ్తే రబ్బరు తోటల వెనక సున్నపురాతి గుట్టలు వస్తాయి. ఆ గుట్టల కింద ఉంది మా స్టోర్ క్యాంపు. లారీ నన్ను గేటు దగ్గర దించేసరికి మధ్యాహ్నం మూడయింది. పేరాక్ రాష్ట్రంలో అక్టోబరు నెల, మధ్యాహ్నం మూడు అంటే వాన అనే లెక్క. నా రెయిన్‌కోటు కిట్ బ్యాగు అడుగున ఉంది. ఇన్నేళ్ళు సైన్యంలో ఉన్నవాడు చేయాల్సిన పని కాదు. తడిసి ముద్దయ్యాను.

నేను ఆర్మరర్‌ని. అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. సైన్యంలో చేశానంటే ఊళ్ళో వాళ్ళు ఎంతమందిని కాల్చావని అడుగుతారు. ఎవరినీ కాల్చలేదు. కాల్చేవాళ్ళ తుపాకులకి జబ్బు చేస్తే నా దగ్గరికి వచ్చేవి. పదవీ విరమణకి ముందు నాకు పడిన ఆఖరి డ్యూటీ ఇది.

ఆర్డరు చిన్నదే. స్టోరులో అరవై పైచిలుకు పాత బోల్ట్ రైఫిళ్ళు పడి ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ళు అడవిలోని కమ్యూనిస్టులతో పోరాడిన ఎమర్జెన్సీ రోజుల్లో రబ్బరు ఎస్టేట్ కాపలావాళ్ళకి ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నవి. వాటిని పరీక్షించి మూడు వరసలు చేయాలి. గౌరవ వందనంలో పేల్చడానికి పనికొచ్చేవాటికి తెల్ల సుద్ద గుర్తు. గొట్టం మూసేసి, అనుమతి ఉన్న సంఘాలకి ప్రదర్శన కోసం అమ్మదగ్గవాటికి పచ్చ గుర్తు. మిగతావాటికి ఎర్ర ఇంటూ. ఎర్రవాటిని శుక్రవారం కోసేస్తారు.

నాకు తోడు స్టోర్ కార్పొరల్. కెలాంతన్ నుంచి వచ్చిన కుర్రాడు, నోరు ఊరుకోదు. మొదటి రోజే నా కిట్‌లో కొబ్బరినూనె సీసా చూశాడు. అది మా ఆవిడ ఇంట్లో కాచి పెట్టింది, నా తలకి.

"గన్ ఆయిల్ అయిపోయిందా, ఎన్చిక్?" అన్నాడు. వారంట్ ఆఫీసర్‌ని మా దగ్గర అలా పిలుస్తారు.

"ఈ నూనె తుపాకికి తగిలిందంటే నీ చేతులు విరగ్గొడతాను," అన్నాను. నవ్వాడు గానీ నేను నిజంగానే అన్నాను. చెట్ల నుంచి వచ్చే నూనెలు ఏళ్ళ తరబడి ఇనుము మీద ఉంటే జిగురై పేరుకుపోతాయి.

పాత రైఫిల్ కొనేవాళ్ళు ముందు మెరుపు చూస్తారు. నేను మెరిసేదాన్ని ముందు అనుమానిస్తాను. గొట్టం వెనక దీపం పెట్టి ముందు నుంచి చూడాలి. లోపలి మరలు, అంటే తూటాని తిప్పే గాళ్ళు, స్పష్టంగా ఉన్నాయా, తుప్పు గుంటలు పడ్డాయా అని. తర్వాత బోల్టు, అంటే వెనక్కి లాగి తూటా ఎక్కించే కడ్డీ, దాని మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా అని. వేరైతే ఎవరో ముక్కలు అతికించారన్న మాట. తర్వాత భుజానికి ఆనించే కట్టె. పగులుంటే గోరుతో కొడితే చప్పుడు మారుతుంది. మన వాళ్ళు పుచ్చకాయ కొనేటప్పుడు చేసే పనే, ఇందులో గొప్పేం లేదు.

రెండో రోజు ఒక రైఫిల్ చేతికొచ్చింది. కట్టె మెడ దగ్గర పగిలి ఉంది. పగులు చుట్టూ సన్నతాడు బిగించి, దాని మీద రబ్బరు పాలు పోసి ఆరబెట్టారు. అది నల్లబడి రాయిలా ఉంది. 'పనికిరాదు' అని రాసిన రేకు బిళ్ళ ఒకటి వేలాడుతోంది. బోల్టు లాగితే రాదు. కాస్త వేడి తగిలిస్తే కదిలింది, దాంతో పాటు వాసన వచ్చింది. కొబ్బరినూనె. పసుపు పచ్చగా గడ్డకట్టి లోపలంతా ఉంది. కట్టె సందులో కుంకుమ రేణువులు కూడా ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. ఇది మన వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. ఆయుధ పూజకి కత్తి, గొడ్డలి, రబ్బరు పాలు గీసే ఉలి, సైకిలు, అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి నూనె రాసి దండం పెడతాం. మా ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో మా నాన్న పడవ ఇంజనుకి కూడా బొట్టు పెట్టేవాడు. ఎవడో మహానుభావుడు రైఫిల్‌కి అభిషేకమే చేశాడు. తిట్టుకుంటూ ఎర్ర ఇంటూ గీసి పక్కన పడేశాను.

గురువారం పదింటికి సంఘం వాళ్ళు వచ్చారు. పాత ఎస్టేట్ తెలుగు వాళ్ళు పట్నంలో కట్టుకున్న హాలులో, ఎస్టేట్ సామాన్లతో పాటు అద్దాల పెట్టెలో ఒక రైఫిల్ పెట్టాలని వాళ్ళ ఆశ. అనుమతి పత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కార్యదర్శి ఒక నడివయసు ఆవిడ. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది తమిళం. ఆవిడతో పాటు ఎనభైకి దగ్గరపడిన ముసలమ్మ, పేరు అప్పలమ్మ. చిన్న మనిషి. తలలో చుక్క నూనె లేదు. తెల్ల జుట్టంతా ఎండి రేగి ఉంది.

"ఆంటీ జన్మలో తలకి నూనె రాయదు, ఎస్టేట్ అంతా ఏడిపించేవాళ్ళు," అంది కార్యదర్శి తమిళంలో, నవ్వుతూ.

"నాకు పడదు లా," అంది అప్పలమ్మ, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా'తో.

కార్యదర్శి పచ్చ వరసలో మెరిసే రైఫిల్ దగ్గర ఆగిపోయింది. నేను దాని మరల గురించి మొదలుపెట్టాను. తిరిగి చూస్తే అప్పలమ్మ మా పక్కన లేదు. ఎర్ర వరస దగ్గర వంగి నిలబడి ఉంది. ఆమె చెయ్యి ఆ నల్లటి రబ్బరు కట్టు మీద ఉంది.

"ఇది మా అయ్య సుట్టినాడు," అంది. "నాను తాడు పట్టుకున్నాను."

నేనేదో అనబోయాను. ఆమె వినలేదు.

"దీన్ని ఇప్పి సూడు బాబూ. ఇదెందుకు పేల్లేదో నాకు సెప్పు. దానికే వచ్చినాను. అద్దాల పెట్టి గొడవ ఆళ్ళది."

కార్పొరల్ కుర్చీ తెచ్చాడు. ఆమె కూర్చోలేదు, బల్లకి ఆనుకుని నిలబడి చెప్పింది.

"మా అయ్య ఎస్టేట్ కాపలా. ఆయుద పూజ రోజు అమ్మ కత్తులకీ గొడ్డలికీ నూనె రాస్తంది. నాకు ఐదేళ్ళు. తుపాకీ కూడా ఆయుదమే కదా, దానికెవలూ రాయలేదని నానే గిన్నెడు నూనె అందులో పోసినాను. అయ్య నవ్వి తుడుసుకున్నాడు. మూడో నాడు పొద్దోలే అడివిలోంచి ఆళ్ళు వచ్చినారు, రబ్బరు ఆరబెట్టే పొగగూడు కాల్సడానికి. అయ్య ఎదురెల్లినాడు. నాను అరుగు మీదే ఉన్నాను. టిక్ మంది. మల్లీ టిక్ మంది. పేల్లేదు. ఆళ్ళది పేలింది."

స్టోరు రేకుల మీద వాన మొదలైంది. ఆమె గొంతు పెంచింది.

"తర్వాత పోలీసు సార్జెంటు వచ్చి, తుపాకీ వాసన సూసి, దీన్లో నూనె ఎవలు పోసినారని అరిసినాడు. అందరూ నా యేపు సూసినారు. అమ్మ ఒక్క మాట అన్లేదు బాబూ. సచ్చీదాకా అన్లేదు. తిట్టినా బాగుణ్ణు."

రెండు రోజుల ముందు ఆ నూనె పోసినవాడిని నేను కూడా నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. సిగ్గేసింది.

నంబర్లు చూశాను. బోల్టుది, బాడీది ఒకటే. ఆ బిళ్ళ తగిలించాక దాన్ని ఎవరూ విప్పలేదని జిగురే చెబుతోంది. బోల్టు బల్ల మీద పెట్టి లోపలి పిన్ను తీశాను. మేం దాన్ని సూది అంటాం. ట్రిగ్గర్ నొక్కితే ఈ సూది ముందుకు దూకి తూటా వెనక పొడవాలి. అప్పుడే అది పేలుతుంది. దాని మొన గుండ్రంగా, బోల్టు ముఖం దాటి కాస్త బయటికి రావాలి.

దీనికి మొన లేదు.

భూతద్దం పెట్టాను. మొన విరిగిపోతే, ఆ విరిగిన చోటుని ఎవరో ఆకురాయితో నున్నగా అరగదీశారు. ఆకురాయి గీతలు వరసగా ఉన్నాయి. ఆ గీతల మీద, గీతల లోపల, పసుపు పచ్చటి నూనె జిగురు నిండి ఉంది. గుండుసూది మొనతో కొంచెం గీకి చూశాను. కింద గీత, పైన నూనె. మరో చోట గీకాను. అక్కడా అంతే. నూనె పడేనాటికే ఆ సూది చచ్చిపోయి ఉంది.

విరిగిన సూది చూసి కూడా, ఇది ఎస్టేట్ కాపలావాడికే కదా, వీడెప్పుడు పేలుస్తాడులే అని నున్నగా గీసి పంపేసినవాడు ఒకడున్నాడు. వాడూ నా వృత్తివాడే. నాలాగే బల్ల దగ్గర కూర్చుని, నాలాగే ఆకురాయి పట్టుకున్నవాడు. నాకు అంత కోపం సైన్యంలో ఎప్పుడూ రాలేదు.

"పెద్దమ్మా, నూనె వల్ల కాదు," అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. "నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావా?"

"నీ ఏలితో నువ్వే సూడు," అన్నాను, మా ఇంటి యాసలోకి దిగిపోయి.

తెల్ల వరసలోంచి ఒక మంచి రైఫిల్ బోల్టు తీసి, దాని ముఖం మీద ఆమె చూపుడువేలు పెట్టించాను.

"గుచ్చుకుంటంది," అంది.

తర్వాత ఆమె తండ్రి రైఫిల్‌కి సూది మళ్ళీ బిగించి, ఆ బోల్టు ముందు పెట్టాను. ఆమె వేలు ఆనించింది. తిప్పింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తిప్పింది.

"ఏటీ లేదు."

"అది ముందే ఇరిగిపోయింది. ఎవలో గీసి ఇచ్చినారు. నీ నూనె దాని మీద పడింది. నువ్వు నూనె పోసినావు కాబట్టే, ఏది ముందో నాను సెప్పగలిగినాను. లేకపోతే ఆ గీతలు తుప్పులో పోయీవి."

"అయ్యకి తెల్దా?"

"ఎలా తెలుస్తాది? తూటాలు లెక్కెట్టి ఇచ్చీవోరు. ఒకటి పేల్చి సూసుకోనిచ్చీవోరు కాదు."

ఆమె చాలాసేపు ఆ బోల్టు మీంచి వేలు తీయలేదు. "అమ్మకి తెల్దే," అంది చివరికి. అప్పుడు ఏడ్చింది. కార్యదర్శి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. పచ్చ వరస వంక ఆవిడ మళ్ళీ చూడలేదు. నా వైపు తిరిగి, ఒక్కో మాటా వెతుక్కుంటూ తెలుగులో అంది. "మాకు... ఇదే కావాలి."

ఎర్ర గుర్తు మార్చాలంటే హెడ్‌క్వార్టర్స్‌లో కెప్టెన్ ఒప్పుకోవాలి. రేడియో అందుకున్నాను.

"ఎర్ర వరసలోంచి ఒకటి పచ్చలోకి మారుస్తున్నాను సర్. ఓవర్."

"కారణం? ఓవర్."

"ఫైరింగ్ పిన్ను విరిగింది. ఓవర్."

"అది కోయడానికి కారణం కదా ఎన్చిక్? ఓవర్."

"ఈ ఒక్కదానికి మాత్రం అదే ఉంచడానికి కారణం సర్. ఓవర్."

కాసేపు గరగరలు. "సంతకం మీది. అవుట్."

తడిగుడ్డతో ఎర్ర ఇంటూ తుడిచేశాను. అప్పలమ్మ కట్టె తడుముతూ, "ఎండిపోనాది బాబూ. నూనుందా?" అని అడిగింది.

కట్టెకి రాసే నూనె డబ్బా నా బల్ల మీదే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. కార్పొరల్‌ని నా సీసా తెమ్మన్నాను. ఆ కుర్రాడు మూత తీసి మరీ తెచ్చి ఇచ్చాడు.

శుక్రవారం మిగతా ఎర్రవాటిని కోశారు. ఆమె రైఫిల్ గొట్టం నేనే మూశాను. విరిగిన సూదిని మార్చకుండా అలాగే ఉంచాను. వారం తర్వాత లారీ ఎక్కి, ఇపోలో బస్సు మారి, చీకటి పడకముందే హుటాన్ మెలింటాంగ్ చేరాను. మా ఆవిడ కిట్ సర్దుతూ, సీసా ఇంత తొందరగా ఎలా ఖాళీ అయిందని అడిగింది. చెప్పాను. చెప్పగలిగినంత చెప్పాను.

ఆ గురువారం అప్పలమ్మ గారు కట్టె అంతా నూనె రాశారు. తాడు మీద, రబ్బరు మీద, పగులు మీద, ఏ సందూ వదలకుండా. రాయడం అయ్యాక అరచేతిలో ఇంకా కొంచెం నూనె మిగిలింది. దాన్ని చూసుకున్నారు. తుడుచుకోవడానికి నేను గుడ్డ అందించాను. తీసుకోలేదు. ఆ చెయ్యి మెల్లగా పైకెత్తి, ఆ ఎండిన తెల్ల జుట్టుకి రాసుకున్నారు.