బర్మాకు పోయిన తాత జాడ

నాకు కాలు ఒక్కచోట నిలవదు. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు కూడా కుర్చీ ముట్టను. అందుకే కాబోలు, జనాభా లెక్కల డ్యూటీ పడిందని తోటి టీచర్లు తలలు పట్టుకుంటే నేను మాత్రం సంచీ భుజాన వేసుకుని హుషారుగా బయల్దేరాను. అది రెండువేల ఒకటో సంవత్సరం. అత్తగారిల్లు శామీర్‌పేట, ఉద్యోగం మేడ్చల్ మండలంలో, లెక్క రాయాల్సింది మా పుట్టింటి ఊరు అత్వెల్లిలో.

ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చాను. అవ్వ, అంటే మా నాయిన తల్లి, అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సర్కారు మనిషిలా ముఖం బిగించి వయసెంత అని అడిగాను.

"నాకేమెరుక? రజాకార్ల గడబిడప్పుడు మీ నాయినకు పాలపండ్లు ఊడుతున్నయ్. గాడికెల్లి లెక్కేసుకో."

"భర్త ఉన్నాడా?"

"ముండమోసినదాన్నే, రాసుకో. నా చేతులకు గాజులేమన్న కనవడ్తున్నయా నీకు?"

నవ్వుకుంటూ రాసుకున్నాను. పక్కనే నిలబడి చాయ్ తాగుతున్న నాయిన మాత్రం నవ్వలేదు. "ఊరందరి లెక్క రాస్తున్నవ్ గదా బిడ్డా, మా నాయిన యాడ పోయిండో గూడ గీ కాయితాలల్ల దొరుకుతదా?" అన్నాడు.

మాటవరసకు అన్నట్టే అన్నాడు గానీ ఆ మాట వెనుక ఒక జీవితకాలం ఉంది. నాయిన ఇంకా తొట్టెలలో ఉండగానే తాత బొల్లారం వెళ్లి మిలిటరీలో లారీ డ్రైవరుగా చేరాడు. అక్కడి నుంచి బర్మా లడాయికి పోయాడు. యుద్ధం అయిపోయింది, మనిషి తిరిగి రాలేదు. తంతి లేదు, ఉత్తరం లేదు. ఊరంతా కలిసి యుద్ధంలో పోయాడని తేల్చింది. నాయిన ఆ పేరుతోనే పెరిగాడు. బడిలో, చావడిలో, చివరికి పెళ్లిచూపుల్లో కూడా "లడాయిల పోయినాయన కొడుకు" అంటే ఒక మర్యాద. కష్టమల్లా పెత్రమాస నాడు వచ్చేది.

బతుకమ్మ మొదలయ్యే ముందు వచ్చే అమావాస్యే పెత్రమాస. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చుకునే రోజు. తండ్రి బతికున్నవాడు తండ్రి పేరున ఇవ్వకూడదు కదా. అవ్వ ఏళ్ల తరబడి నాయిన చేత ఆ బియ్యం ఇవ్వనివ్వలేదు. "సచ్చిండని నువ్వు సూసినవా? బతికున్నోనికి బియ్యమిస్తే పాపం" అని ఒకటే మాట. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పిచ్చిది, ఇంకా ఎదురుచూస్తోందని అందరూ జాలిపడేవాళ్లు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఒక పెత్రమాస పొద్దున తనే చాటలో బియ్యం పోసి తెచ్చి నాయిన ముందు పెట్టింది. "ఈయేటి సంది మీ నాయినకు ఇయ్యి" అంది. అప్పటికే ఆమె చేతులకు గాజులు లేవు. పాపం, ఇన్నాళ్లకు ఆశ వదులుకుందని మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడు మొదలు నాయిన బియ్యం ఇస్తూనే ఉన్నాడు. ఎక్కడ పోయాడు, ఏ తిథి అని అయ్యగారు ప్రతి ఏడూ అడిగేవాడు. "బర్మా" అని ఊరుకునేవాడు నాయిన. బర్మా అంటే ఊరా, చెట్టా, దేశానికి దేశం. తండ్రి పడిపోయిన చోటు ఏదో తెలుసుకోవాలి, వీలైతే ఒక్కసారి అక్కడ నిలబడాలి. ఇదొక్కటే ఆయన కోరిక. ఇల్లు కట్టుకున్నాడు, ద్రాక్ష తోట పెంచాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు. ఇది మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది. ఆ రోజు ఆ రాయి నా చెప్పులోకి వచ్చింది.

మొదట పాత జనాభా లెక్కల మీద పడ్డాను. పదేళ్లకొకసారి మనుషులందరినీ రాస్తారు కదా, ఎక్కడో ఒకచోట తాత పేరు ఉండకపోతుందా అని నా ధీమా. పట్నంలో ఆఫీసుకు వెళ్తే అక్కడి ఉద్యోగి నన్ను ఎగాదిగా చూశాడు. "మీరే రాస్తున్నరు, మీకు తెల్వదా మేడం? పేర్లు బయటికి ఇయ్యం. అంకెలే ఇస్తం." పాత పుస్తకం ఒకటి తీసి చూపించాడు. మా ఊరి పేరు, ఎదురుగా ఇళ్లెన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు. ఆ మగవాళ్ల అంకెలో మా తాత ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? నేను ఎండలో తిరిగి, కుక్కల చేత తరిమించుకుని, తిట్లు తిని రాసిన పేర్లన్నీ ఇట్లా ఒక్క అంకెలో కలిసిపోతాయా అనిపించి మనసంతా చేదైంది.

తరువాత మిలిటరీ. మాజీ సైనికుల ఆఫీసుకు వెళ్తే నంబరు ఉందా అన్నారు. లేదంటే రెజిమెంటు పేరు చెప్పమన్నారు. అదీ లేదంటే మరి మమ్మల్నేం చేయమంటావమ్మా అన్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు, లారీ డ్రైవరు, బొల్లారం. నా దగ్గర ఉన్నది ఇంతే. దాన్నే తిప్పి తిప్పి ఇంగ్లీషులో రాసి, వాళ్లు చెప్పిన ప్రతి రికార్డు ఆఫీసుకూ పంపాను. కొన్ని వెనక్కి వచ్చాయి, కొన్నిటికి అదీ లేదు. నాయిన రోజూ సైకిల్ తొక్కుకుంటూ పోస్టాఫీసుకు వెళ్లేవాడు. దుండిగల్ నుంచి శిక్షణ విమానాలు తోట మీదుగా తిరుగుతుంటే పని ఆపి తలెత్తి చూసేవాడు. "నీ బిడ్డ నిన్ను గూడ ఆగం జేస్తాంది" అని అవ్వ విసుక్కునేది. ముసలామెకు చాదస్తం అనుకున్నాను.

వానాకాలం పోతుండగా ఒక జవాబు నా స్కూలు చిరునామాకు వచ్చింది. టైపు కొట్టిన నాలుగు లైన్లు. పేరు కలిసింది, తండ్రి పేరు కలిసింది, ఊరు కలిసింది. బర్మాలో పనిచేశాడు. యుద్ధం ముగిశాక ఆరోగ్యంగా విడుదలయ్యాడు. నడవడి బాగున్నది. విడుదలయ్యాక ఉండబోయే చిరునామా: అల్వాల్.

స్టాఫు రూములో నిలబడే ఎన్నిసార్లు చదివానో తెలియదు. బర్మా కాదు, అల్వాల్. నాయిన ద్రాక్ష గంపలు వేసుకుని మార్కెట్టుకు పోయే తోవలో ఉన్న అల్వాల్. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. అలాంటి నేను ఆ ఉత్తరాన్ని పర్సులో పెట్టుకుని నాయినకు చెప్పకుండా ఆదివారం దాకా ఆగాను. ఇంటికి వస్తూ వస్తూ దారిలో ఏదైనా అయ్యిందేమో, జబ్బు చేసిందేమో అని ఆ నాలుగు రోజులూ తాత తరఫున నేనే సాకులు వెతికాను.

అల్వాల్‌లో ఆ చిరునామా ఉన్నచోట మూడంతస్తుల ఇల్లు లేచింది. పాత మిలిటరీ వాళ్లంతా ఆ సందు చివరి చర్చికి పోయేవాళ్లు, అక్కడ అడగమని ఎదురింటివాళ్లు చెప్పారు. చర్చిలో పెద్దాయన ఒకరు నా మాట అంతా ఓపికగా విని, బీరువాలోంచి పెళ్లిళ్ల రిజిస్టరు తీశాడు. పేజీలు ఎంత మెల్లగా తిప్పుతున్నాడంటే లాక్కుని నేనే తిప్పేద్దామనిపించింది. దొరికింది. తాత పేరు ముందు ఒక కొత్త పేరు చేరింది. తండ్రి పేరు మాదే, ఊరు మాదే. పెళ్లికొడుక్కి ఇదివరకు పెళ్లైందా అనే గడిలో రాసి ఉంది: భార్య చనిపోయినవాడు.

తేదీ రజాకార్ల కాలానిది. మా అవ్వ అప్పటికి ఎవరి మడిలోనో నాట్లు వేస్తూ ఉండి ఉంటుంది. పాలపండ్లు ఊడుతున్న కొడుకు గట్టు మీద కూర్చుని ఉండి ఉంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చర్చి అని కూడా చూడకుండా ఆ మనిషిని నోరారా తిట్టాను. పెద్దాయన రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. "ఆయన పోయి శానేండ్లాయెనమ్మా. ఆయమ్మ గూడ పోయింది. పిల్లలు గాలేదు. సమాధి ఎనకనే ఉన్నది" అని ఇంకో పుస్తకం తీసి, పోయిన రోజు చూపించాడు.

వానలు పడే నెల. సంవత్సరం చూసి వేళ్లు మడిచి లెక్కపెట్టాను. నేను నాలుగో తరగతి. ఆ తర్వాత వచ్చిన అమావాస్యే అవ్వ చాటలో బియ్యం పోసిన పెత్రమాస.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. కడ్డీ పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే కండక్టరు కసిరాడు. అవ్వ ఆశ వదులుకోవడమేంటి, అవ్వకు తెలుసు! మేమే చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం. సిలువ కింద పడుకున్న మనిషికి ఏటేటా అయ్యగారి చేత బియ్యం అందించాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాయిన తోటలో తీగలు కత్తిరిస్తున్నాడు. వెళ్లీ వెళ్లగానే అంతా చెప్పేశాను. మెత్తగా చెప్పాలని దారంతా అనుకున్నది ఒక్క ముక్క నోటికి రాలేదు. ఆయన కత్తెర అక్కడే వదిలేసి ఇంటికి నడిచాడు. వెనక నేను పరుగు.

అవ్వ వాకిట్లో బియ్యం ఏరుతోంది. నాయిన కూడా ఆమెను అవ్వా అనే పిలుస్తాడు. "అవ్వా, అల్వాల్ల ఎవలుండెనే?" అన్నాడు.

ఆమె చేయి ఆగింది. కొడుకును కాదు, నన్ను చూసింది. "తెచ్చినవా లొల్లి?" అంది. చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"లడాయి అయినంక వచ్చిండు. నౌకరి ఇడ్వకముందే, దోస్తు సచ్చిపోతే వాని పెట్టె వాని పెండ్లానికి ఇయ్యవోయి ఆడనే నిలవడ్డడట. ఆడ కొన్ని దినాలు, ఈడ కొన్ని దినాలు ఉంట అన్నడు. నేనేమన్న సత్రమా, వచ్చి పోనీకి? 'నువ్వు లడాయిల పోయినవని ఊరంత అంటున్నది. పోయినట్టే ఉండు' అన్న. పోయిండు. మల్ల రాలే. మాట మీద నిలవడ్డడు, గదొక్కటి మెచ్చుకోవాలె."

"సచ్చిపోయిండని ఎట్ల తెలిసె?"

"ఆమెనే మనిషిని తోలింది. గా దినమే గాజులు తీసిన. ఏడ్వనీకి గూడ దొడ్లెకు పోయిన, మీరెక్కడ ఇంటరోనని."

నాయిన గొంతు లేచింది. నేను ఆయన అట్లా అరవడం ఎప్పుడూ వినలేదు. "నాకు జెప్పొద్దానె? ఆయన బతికుండంగ అల్వాల్ మీదికెల్లి ఎన్నిమాట్ల పోయిన! తోవల ఎదురువడ్డడో ఏమో గూడ తెల్వదు!"

"ఏమని జెప్పాలె? లడాయిల పోయినోని కొడుకని తలెత్తుకొని తిరిగినవ్. ఇడిసిపెట్టి పోయినోని కొడుకంటే తిరుగుదువా?"

నాకు అవ్వ మీద కోపం తన్నుకొస్తోంది, ఆ చేతులు పట్టుకుని ఏడవాలనీ ఉంది. నాయిన వాకిట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగి తిరిగి చివరికి ఆమె ముందు గొంతు కూర్చున్నాడు.

"వచ్చినప్పుడు నన్ను సూసిండా?"

"సూడకేంది. ఊరంత కోతలకు పోయింది. నువ్వు చావడి కాడ గోటీలాడుతున్నవ్. మీసం తీసేసి ప్యాంటు తొడిగిండాయె, పెద్దోళ్లే గుర్తువట్టలే, నువ్వేం గుర్తువడ్తవ్? ఎవని కొడుకువురా అని అడిగిండట. లడాయిల పోయినాయన కొడుకునని చెప్పినవట. దూపైతాంది అన్నడట. మా ఇంట్ల నీళ్లిస్త రమ్మని వేలు వట్టుకొని నువ్వే తోలుకొచ్చినవ్. చెంబుల నీళ్లు ముంచి నువ్వే ఇచ్చినవ్."

అవ్వ మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది.

వారం తిరగకముందే నాయినను అల్వాల్ తీసుకెళ్లాను. చోటు తెలిస్తే ఈయన మనసు కుదుటపడుతుందని ఇన్నాళ్లూ నా నమ్మకం. చర్చి పెద్దాయన సమాధి చూపించి పక్కకు వెళ్లిపోయాడు. నాయిన దాని చుట్టూ తిరిగాడు, కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ తిరిగాడు. రాయి మీద పేరు వైపు చూడనే లేదు. తన కుడిచేతి చూపుడు వేలు ఎడమచేతితో పట్టుకుని నలుపుకుంటూ ఉన్నాడు. పోదామా నాయినా అని అడిగాను.

"గా దినం యాదికొస్తాంది బిడ్డా," అన్నాడు. "ఎండ యాదికొస్తాంది. చెంబు యాదికొస్తాంది. నీళ్లు గటగట తాగిన సప్పుడు గూడ ఇనవడ్తాంది. మొఖమే యాదికొస్తలేదు."